గుండాయన

"అన్నా, ముందట పలచగైంది కనపడకుంట కట్ చెయ్యి," అంటూ చిరంజీవి టోపీ తీశాడు.

సూరత్ పాండేసరలో ఆ సెలూన్ పరమేశ్వర్‌ది. అతడు దువ్వెన పెట్టి ఒక్కసారి లాగాడు. దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చాయి.

"ఏంది తమ్మీ, గిట్ల ఊడొస్తున్నయి?"

చిరంజీవికి ఏడుపొక్కటే తక్కువ. నిండా ఇరవై ఆరేళ్లు లేవు. ఏప్రిల్‌లో కరోనా వచ్చి పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో పడున్నాడు. ఎలాగో ప్రాణం దక్కింది. జూన్ వచ్చేసరికి జుట్టు పోవడం మొదలైంది.

పక్క కుర్చీలో నలభై దాటిన ఒకాయన కూర్చున్నాడు. అప్పుడే నున్నగా గుండు గీయించుకుని, తువ్వాలతో తల తుడుచుకుంటున్నాడు.

"ఏం గాదు తమ్మీ," అన్నాడాయన. "గీ జ్వరమొచ్చి పోయినంక రాల్తయి. మూడు నెలలల్ల మల్ల వస్తయి."

"నీకు వచ్చినయి గదా, కనపడుతనే ఉన్నయి!" అన్నాడు చిరంజీవి వెటకారంగా.

సెలూన్‌లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు తెర ముంచుకొచ్చింది.

చిరంజీవి మాస్కు పైకి లాక్కుని మొహం తిప్పుకున్నాడు.

దగ్గు ఆగాక ఆయన మెల్లగా అడిగాడు. "కోపమెందుకు తమ్మీ? ఏ ఊరు మనది?"

"ఏ ఊరైతే నీకేంది? నీ పని నువ్వు చూస్కో."

ఆయన తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

చిరంజీవి భయం వేరు. ఊరు చెబితే ఇంటి పేరు అడుగుతారు. ఇంటి పేరు చెబితే నాన్న సంగతి వస్తుంది.

నాన్న లింగమూర్తి ఇరవై ఏళ్లు సూరత్ మగ్గాల మీదే బతికాడు. అక్కడి భేస్తాన్‌లో ఒకే గదిలో ఉండే తండ్రీకొడుకులకు ఒకే వారంలో జ్వరం వచ్చింది. చోటు దొరికిన చోట, ఒకరిని ఒక ఆసుపత్రిలో, మరొకరిని ఇంకో ఆసుపత్రిలో చేర్చారు. కొడుకు ఆక్సిజన్ మీద ఉండగానే తండ్రి పోయాడు. సిరిసిల్ల దగ్గర పల్లెలో ఉన్న తల్లి బుచ్చవ్వ రాలేకపోయింది.

చిరంజీవి లేచి కూర్చునేసరికి అంతా అయిపోయింది. ఎవరు తీసుకెళ్లారో, ఎవరు కొరివి పెట్టారో అతడు అడగలేదు. అడిగే ధైర్యం చాలలేదు.

"బిడ్డా, ఇప్పుడన్న గుండు కొట్టించుకో," తల్లి ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. "మీ నాయినకు నువ్వొక్కనివే కొడుకువు."

"డాక్టర్ వద్దన్నడవ్వా. కమ్‌జోర్ ఉన్న."

డాక్టర్ ఏమీ అనలేదు. మొదట్లో నిజంగానే నీరసం. లేచి నాలుగడుగులు వేస్తే కళ్లు తిరిగేవి. తర్వాత ఒంట్లో సత్తువ వచ్చింది కానీ, జుట్టు రాలడం మొదలైంది. ఉన్నది కాస్తా గీయిస్తే మళ్లీ మొలవదేమోనని భయం పట్టుకుంది. చేసుకోబోయే పిల్ల సింధూజ వీడియో కాల్‌లో, "ఎప్పుడు చూసినా టోపీయేనా? తియ్యి జర," అంటే సిగ్నల్ లేదని కాల్ కట్ చేశాడు.

భేస్తాన్‌లో తెలిసినవాళ్ల సెలూన్‌కు పోతే, తండ్రి పోయినా గుండు ఎందుకు లేదని అడుగుతారు. అందుకే పాండేసర దాకా వచ్చాడు.

సెప్టెంబర్‌లో ఒకరోజు అద్దం ముందు నిలబడి చిరంజీవి నుదురు తడుముకున్నాడు. సన్నగా, నల్లగా కొత్త వెంట్రుకలు చేతికి తగిలాయి. ఆ పెద్దమనిషి చెప్పిందే నిజమైంది. ఆ రోజు అన్న మాట తలచుకుంటే సిగ్గేసింది. ఆదివారం నేరుగా పాండేసర వెళ్లాడు.

"అన్నా, ఆ గుండాయన వస్తలేడా? ఆ రోజు ఊకెనే కోపం జేసిన. మాఫీ అడుగుదామని వచ్చిన."

పరమేశ్వర్ కత్తెర పక్కన పెట్టాడు.

"గంగారామా? పోయిండు తమ్మీ. రెండు నెలలైంది. దగ్గు దగ్గు అనుకుంటనే పోయిండు."

చిరంజీవి నొచ్చుకున్నాడు. "పాపం, బట్టతలాయన అని ఎక్కిరించిన."

"బట్టతల ఎక్కడిది? ఆయన తలల దువ్వెన దిగకపోతుండె. గంత జుట్టు."

"మరి గుండెందుకు?"

"మిల్లు డ్యూటీ అయినంక శ్మశానానికి పోతుండె తమ్మీ. మన తెలుగోళ్ల పీనుగు వచ్చి, కొరివి పెట్టెటందుకు ఎవ్వలు లేకుంటే తనే పెడుతుండె. పదో నాడు వచ్చి తల గీయించుకుంటుండె. దుకాణం బందుంటే ఇంటికొస్తుండె. జూన్ దాక అయిదు మార్లు గీసిన."

"వాళ్లంత ఆయన చుట్టాలా?"

"ముఖాలు గూడ ఎరుగడు. నీకెందుకయ్యా, రోగం అంటించుకుంటవ్ అని మస్తుగ చెప్పిన. ఇన్నడా?"

"మరి ఆయనకెవరు కొరివి పెట్టిన్రు?"

"ఎవలున్నరు? దవాఖాన నుంచే బండి తీసుకపోయింది. మాకు తెలిసేటాలకు అయిపోయింది."

చిరంజీవి అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"మొట్టమొదట ఎవల కోసం గీయించుకున్నడు?"

పరమేశ్వర్ కత్తెర మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవలో లింగమూర్తట. కొడుకు దవాఖానల ఉన్నడట. 'ఆ పిలగాడు లేస్తడో లేవడో, అందాక ఆ పెద్దమనిషికి నేనే కొడుకును' అన్నడు."