మూడు కాళ్ళ బాతు

తలుపు తీసేసరికి గుమ్మంలో ఓ కళ్ళజోడమ్మాయి. భుజాన సంచి, కుడిచేతి వేళ్ళకు రంగు మరకలు.

"కంప్యూటర్ చూడ్డానికొచ్చానండీ."

బొమ్మలక్క వెనక్కి తిరిగి ఆడపడుచు వంక చూసింది. ఆడపడుచు కిటికీ వంక చూసింది.

ఇదే పిలిపించి ఉంటుందనుకుంది బొమ్మలక్క. వదినే పిలిపించి ఉంటుందనుకుంది ఆడపడుచు. అడుగుదామంటే ఇద్దరికీ మాటల్లేవాయె!

ఎందుకు లేవంటారా? బొమ్మలక్కది పసిపిల్లల గౌన్ల మీదికి బొమ్మలు గీసే పని. ఇంట్లో కంప్యూటర్ మీద గీసి బట్టల మిల్లుకు తీసుకెళ్తే, అచ్చం అదే బొమ్మ వీధి చివరి డిజైన్ల షాపాయన అప్పటికే ఇచ్చేసి ఉండేవాడు. ఒకసారి కాదు, వరసపెట్టి.

"ఈసారీ ఇలాగే తెస్తే ఇక మా మిల్లుకు రావద్దమ్మా" అని మేనేజరు ముఖం మీదే చెప్పేశాడు.

ఆ గదిలో మసిలేది తానూ, ఆడపడుచూను. అనుమానం ఇంకెవరి మీదికి పోతుంది? నోరు జారి ఆ మాట అననే అంది. ఆ రోజు నుంచి ఆడపడుచు ఉప్పు కావాలన్నా గోడకే చెప్పేది.

కళ్ళజోడమ్మాయి కంప్యూటర్ జోలికి పోలేదు. మూలనున్న ఇంటర్నెట్ డబ్బా ముందు చతికిలబడింది.

"ఊరికే ఏదైనా గీయండక్కా."

బొమ్మలక్క గీసింది. డబ్బా మీది దీపం టపటపా కొట్టుకుంది. చెయ్యి తీసింది. దీపం నెమ్మదించింది. మళ్ళీ గీస్తే మళ్ళీ అదే వరస.

"ఇంట్లో ఇంకెవరైనా నెట్ వాడుతున్నారా?"

"నా ఫోను కట్టేసే ఉంది" అంది ఆడపడుచు, గోడతో.

ఆ అమ్మాయి లేచి, లోపల నడుస్తున్న ప్రోగ్రాములన్నిటినీ తెర మీదికి తెచ్చింది. ఒకదాని మీద వేలు పెట్టింది. 'ప్రింటర్ సహాయకుడు' అనుంది.

"మీ ప్రింటరెక్కడక్కా?"

"మాకు ప్రింటరే లేదమ్మా!"

"లేని ప్రింటరుకు సహాయకుడెందుకు? ఇది మీ తెరను ఫొటో తీసి ఎవరికో పంపుతోంది. పిల్లల్ని కనిపెట్టుకోవడానికని బజార్లో అమ్మేదే. మీకెవరైనా పెన్ డ్రైవ్ ఇచ్చారా?"

బొమ్మలక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఇచ్చాడు, షాపాయనే! అందులో పువ్వుల అంచుల బొమ్మలున్నాయి, ఊరికే వాడుకోమన్నాడు. ఊరికే వచ్చిందని మురిసిపోయి తన చేత్తో తానే ఎక్కించుకుంది.

"మరి నన్నన్నావే!" ఆడపడుచు గోడను వదిలేసి నేరుగా వదిన మీదికే వచ్చింది.

"నా బుద్ధి గడ్డి తిందే అమ్మాయ్."

"చెప్పుంటే ఆ గడ్డేదో నేనే కోసి పెట్టేదాన్నిగా!"

"తర్వాత తిట్టుకోవే. ముందు దాన్ని పీకెయ్యమ్మా తల్లీ!"

"పీకేద్దాం. దానికంటే ముందు ఆఖరుగా ఒకటి పంపుదాం. కావాలని తప్పు గీయండక్కా."

బొమ్మలక్క బాతును గీసింది. మూడు కాళ్ళు పెట్టింది.

"వదినా, ఆ మూడో కాలికి చెప్పు కూడా తొడుగు!"

తొడిగింది. దీపం టపటపలాడింది.

"వెళ్ళిపోయింది" అంటూ కళ్ళజోడమ్మాయి నెట్ వైరు పీకేసింది. బొమ్మలన్నీ విడిగా ఎత్తిపెట్టి, కంప్యూటర్‌ను మొత్తం తుడిచేసి, అన్నీ మళ్ళీ కొత్తగా ఎక్కించింది.

"ఆ ఒక్కటి తీసేస్తే చాలదటమ్మా?"

"బొద్దింక కనిపిస్తే అరలన్నీ దులపరా అక్కా? పాస్‌వర్డులు కూడా మార్చేయండి."

వైరు మళ్ళీ పెట్టి చూస్తే, ఎంత గీసినా దీపం ఉలకలేదు, పలకలేదు.

బొమ్మలక్క వెంటనే మిల్లు మేనేజరుకు ఫోన్ కొట్టింది. "సార్, రేపు మీ బల్ల మీదికి మూడు కాళ్ళ బాతొస్తుంది. మూడో కాలికి చెప్పుంటుంది. ఎవరు తెస్తారో మీరే చూసుకోండి!"

వదినామరదళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతుంటే, కళ్ళజోడమ్మాయి చెప్పులేసుకుంది.

"గొడుగు కింద నిద్రపోయే ఏనుగును ఈసారి చెరిపెయ్యకండక్కా, ముద్దొస్తుంది."

నవ్వుల్లో పడి, వినీ విననట్టే తలూపింది బొమ్మలక్క.

మర్నాడు మేనేజరు కబురు పెట్టి బొమ్మలక్కను పిలిపించాడు. షాపాయన గుడ్డ మీద రంగులు వేయించిన నమూనా బల్ల మీద పరిచి ఉంచాడు.

"నా సొంత బొమ్మండీ. ఎంతో ఆలోచించి గీయించాను."

"మూడో కాలు కూడా ఆలోచించే పెట్టించావా?" అన్నాడు మేనేజరు. "దానికి చెప్పు కూడానూ!"

షాపాయన వంగి బాతు కాళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాత అతని మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

ఆ ఏటి గౌన్ల బొమ్మలన్నీ బొమ్మలక్కవే! ఇంటికొస్తూనే గుమ్మంలో ఆడపడుచును పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"అంతా నీ చలవేనే! నువ్వు ఆ అమ్మాయిని పిలిపించబట్టి కదా."

"నేనెక్కడ పిలిపించాను? నువ్వు కదూ!"

"నేను కాదే. పోనీ, పేరైనా అడిగావా?"

"నువ్వడిగావనుకున్నాను వదినా. ఇంతకీ వెళ్తూ ఏదో ఏనుగంది, ఏ ఏనుగు?"

బొమ్మలక్క చప్పున కంప్యూటర్ వంక చూసింది.

ఆ ఏనుగును ఓ మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని గీసి, నచ్చక, కంప్యూటర్‌లో దాచకుండానే చెరిపేసింది. దాన్ని చూడగలిగింది షాపాయన దగ్గర తన తెరను చూస్తూ బొమ్మలు దించే మనిషి ఒక్కరే, ఆ మూడో కాలిని చెప్పుతో సహా నోరు మెదపకుండా గుడ్డ మీదికి దించిన ఆ రంగు మరకల వేళ్ళే.