రెండోసారి పాడిన పద్యం

"ఇది మా నాన్నగారి గొంతు కాదండి."

సత్యవాణి కొత్త హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది.

రాజమండ్రిలో రికార్డింగ్ సెంటరు నడిపే గణేష్‌బాబు తేలిగ్గా నవ్వాడు.

"గొంతు ఆయనదేనండి. హెడ్‌ఫోన్లే కొత్తవి. కొత్త చెప్పులు కరవవా? ఇవీ అంతే. కాసేపు పాడనిస్తే మెత్తబడతాయి."

ఆ మాట మద్రాసులో హెడ్‌ఫోన్లు అమ్మినవాడు అతనికి చెప్పాడు. అమ్మేవాడి మాటంటే గణేష్‌బాబుకు మహా గురి.

సత్యవాణి తండ్రి గంగాధరం పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవాడు. పోయి ఏడాది కావస్తోంది. మర్నాడు రామచంద్రపురంలో సభ పెట్టి, ఆయన పద్యం క్యాసెట్టు విడుదల చేస్తున్నారు. ఆయన గొంతు మిగిలింది ఒక్క టేపులోనే. ఎప్పుడో ఒక అభిమాని స్టేజీ పక్కతెర చాటున టేప్‌రికార్డరు పెట్టి పట్టిన టేపు అది.

అందులో ఒకే పద్యం రెండుసార్లు ఉంది. మొదటిసారి వినగానే జనం "వన్స్ మోర్" అని అరిచారు. మళ్లీ పద్యం మొదలైంది. ఆ రెండోసారి పాడిన పద్యం గురించే ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. ఇంట్లో పాత టేప్‌రికార్డరులో సత్యవాణి దాన్ని ఎన్నోసార్లు విన్నది. ఎన్నడూ రాని అనుమానం ఇవాళ ఈ హెడ్‌ఫోన్లలో వచ్చింది. మొదటిది నాన్నదే. రెండోది నాన్నలా లేదు.

గణేష్‌బాబు హెడ్‌ఫోన్లను రేడియోకు తగిలించి, సౌండు పెంచి వదిలేశాడు. అవి బల్లమీద వాటిపాటికవి వాగుతున్నాయి. సాయంత్రం బస్సుకు టేపు కాకినాడ వెళ్లాలి, కాపీలు అక్కడే తీస్తారు. సత్యవాణి గడియారాన్నీ హెడ్‌ఫోన్లనీ మార్చి మార్చి చూస్తోంది. ఆ గొంతు నాన్నది కాకపోతే రేపు సభలో ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

అప్పుడే గుమ్మంలో ఎవరో దగ్గారు.

ఒక ముసలాయన. మెడకు మఫ్లరు. గొంతు పూర్తిగా పాడైపోయినట్టుంది, మాటకంటే గాలే ఎక్కువ వస్తోంది.

తన పేరు పెద్దిరాజనీ, పట్టిసీమ నుంచి వస్తున్నాననీ చెప్పాడు. గంగాధరం గారి క్యాసెట్టు సంగతి తెలిసి వచ్చాడట.

సభ కబురు బయటికొచ్చినప్పటినుంచీ ఇలాంటివాళ్లు వస్తూనే ఉన్నారు. గంగాధరంతో కలిసి తిరిగామంటారు, వేదికమీద కుర్చీ అడుగుతారు. సత్యవాణికి విసుగొచ్చింది.

"మీకేం కావాలండి?"

"నాకేం వద్దమ్మా. మొదటిసారి పాడిన పద్యమే వేయండి. రెండోసారిది వద్దు."

తన అనుమానం ఈయనకెలా తెలిసింది? సత్యవాణికి అడగడానికి భయమేసింది. ఆ భయమే కోపమై నోట్లోంచి వచ్చింది.

"అందరూ మెచ్చుకున్నది రెండోదే కదండీ?"

"మొదటిదాంట్లో కాస్త జీర ఉంటుంది, నిజమే. అయినా అదే ఉంచండమ్మా."

"మా నాన్నగారి పేరు తగ్గించడానికి వచ్చారా?"

"ఆ పేరు నిలబడాలనే అంటున్నానమ్మా."

ఇంకేదో చెప్పబోయాడు. దగ్గు తెర అడ్డొచ్చింది. అది తగ్గేదాకా కూడా ఆగకుండా సత్యవాణి, మాకు పనుంది, వెళ్లిరండి అనేసింది. ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

గణేష్‌బాబు హెడ్‌ఫోన్లు మళ్లీ టేపుకు తగిలించాడు. సత్యవాణి రెండో పద్యం విన్నది. మళ్లీ విన్నది. వినగా వినగా తేడా తెలియకుండా పోయింది.

"చెప్పానా, దారికొచ్చాయి" అన్నాడు గణేష్‌బాబు.

హెడ్‌ఫోన్లు మెత్తబడ్డాయో, తన చెవే సర్దుకుపోయిందో ఆమె ఆలోచించదలచుకోలేదు. రెండోదే ఉంచమంది. మొదటి పద్యాన్నీ, ఆ తర్వాతి కేకల్నీ చప్పట్లనీ వదిలేసి, గణేష్‌బాబు క్యాసెట్టు తయారుచేశాడు.

సభ ఘనంగా జరిగింది. మైకులో ఆ పద్యం వేస్తే జనం మళ్లీ "వన్స్ మోర్" అన్నారు. సత్యవాణి కళ్లు తుడుచుకుని చూసేసరికి, చివర టెంటు గుంజ దగ్గర మఫ్లరు ముసలాయన తల వంచుకుని నిలబడి ఉన్నాడు. చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది. కాసేపటికి అక్కడ ఎవరూ లేరు.

తర్వాత పాత టేపు తెచ్చుకోవడానికి ఆమె సెంటరుకు వెళ్లింది. ఇన్నాళ్లూ పద్యం వినే తొందరలో ముందుకు తోసేసిన ఆ చప్పట్లు ఒక్కసారి తీరిగ్గా విందామనిపించింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

చప్పట్లు. ఈలలు. "వన్స్ మోర్" కేకలు.

వాటి అడుగున, చెవి పక్కనే ఉన్నంత దగ్గరగా, ఎవరో రొప్పుతున్నారు. నాన్నే. ఈసారి ఆమెకు ఏ అనుమానమూ లేదు. పక్కతెర దగ్గరికొచ్చి, జీరబోయిన గొంతుతో గుసగుసగా అంటున్నాడు.

"పెద్దిరాజూ, నా గొంతు పోయిందిరా, తెర వెనకనుంచి ఈసారి నువ్వు పాడు, నేను పెదాలు కదుపుతాను."