గాజుల కొట్టు మీది గది

నా భార్య సులోచన నన్ను అడగకుండా శరణాలయం నుంచి ఒక పిల్లను తెచ్చింది. సగం పెంచి, మిగతాది నా నెత్తిన పెట్టి చచ్చిపోయింది.

పోలీస్ యాక్షన్‌కు ముందేడు తెచ్చింది. పిల్ల పేరు గోదా. అప్పుడు ఏడేళ్లు.

పద్దెనిమిది నిండేదాకా సాకుతామని సులోచన సంతకం పెట్టిన కాగితం నా దగ్గరుంది. పోయిన నెల నిండాయి.

ఆడపిల్లల బడిలో కుట్టు నేర్పే పని దొరికింది గోదాకు. ఇక గది చూసుకొమ్మన్నాను.

చూసుకుంది. లాడ్‌బజార్‌లో షౌకత్ బీ గాజుల కొట్టు మీది గది. ఇంటి పెద్ద వచ్చి పిల్లకు పూచీగా మాట ఇస్తేనే తాళం ఇస్తానందట ముసలామె. లేకపోతే గది లేదు.

"ఒక్కసారి వచ్చిపో బాపు."

పదకొండేళ్లుగా నన్ను బాపు అంటుంది. ఆ పిలుపుకు నేనెప్పుడూ పలకలేదు.

వెళ్లాను. రేకు పెట్టె తనే మోసుకుంది.

కొట్టులో మా ఆఫీసు రామ్‌చందర్ ఉన్నాడు. కూతురికి గాజులు తొడిగిస్తున్నాడు. ఎవరో కన్న పిల్ల నా ఇంట్లో ఉందని ఆఫీసులో నేను చెప్పలేదు.

షౌకత్ బీ తలెత్తింది.

"ఈ పిల్ల నీకేమైతది సాబ్?"

రామ్‌చందర్ నా వైపు చూశాడు.

"మా ఇంట్ల పని చేసేది," అన్నాను.

"పనిపిల్లకు గది చూపెట్ట నువ్వే వచ్చినవా? గొప్పోనివే భాయ్," అని రామ్‌చందర్ నవ్వాడు.

గోదా పెట్టె కింద పెట్టింది.

"అయ్యగారు మంచోరు సార్. అందుకే వచ్చిండ్రు."

రామ్‌చందర్ కూతురిని తీసుకొని వెళ్లిపోయాడు.

షౌకత్ బీ గోదా చెయ్యి పట్టుకొని, వేళ్లు దగ్గరికి నొక్కి చూసింది. గాజు పట్టేదీ లేనిదీ అట్లాగే చూస్తారు.

"ఈ చెయ్యి నాకెరుకే," అంది. "సులోచనమ్మ ఏటేటా తోలుకొచ్చేది. మా బిడ్డకు తొడుగు బీబీ అనేది."

నేను గాజుల వైపు చూశాను.

"పెద్దమనిషి మాట నాకొద్దు సాబ్. ఈ పిల్లకు నేనున్న."

తాళంచెవి ఆ చేతిలోనే పెట్టింది.

గోదా పెట్టె ఎత్తుకొని మెట్లెక్కింది. సగంలో ఆగి వెనక్కి తిరిగింది. కొట్టులో మేము ముగ్గురమే ఉన్నాము.

"ఎండ ముదురుతుంది. ఇగ పోండి అయ్యగారూ."

"ఆ," అని పలికాను.

ఈ సంగతి ఇంకెప్పుడూ ఎవరి దగ్గరా ఎత్తను.