గుట్ట కోసం అమ్మిన ఆవు

ఆవును అమ్మకపోతే గుట్ట పోతుంది. గుట్ట పోతే ఆవుకు మేత ఉండదు. కాబట్టి అక్కమ్మ ఆవునే అమ్మడానికి సిద్ధపడింది.

పుంగనూరు దగ్గర ఆమె ఊరి వెనకాల ఒక గుట్ట ఉంది. ఊరి పశువులు మేసేది అక్కడే. బావుల్లో ఊట నిలిచేదీ దాని పుణ్యమే. దాన్ని పేల్చి, కంకర చేసి అమ్ముకుంటామని ఏదో క్రషర్ కంపెనీ అర్జీ పెట్టింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని పాతకాలపు సామెత. ఇప్పుడు గుట్టను తవ్వినవాళ్లు బంగళాలు కడుతున్నారు. ఈ కంపెనీ ఎవరిదని ఊరివాళ్లు ఆఫీసులో అడిగితే, ఓనరు పేరు చెప్పకుండా బోర్డు మీదున్న దేవుడి పేరు చెప్పి పంపించారు.

కేసు సంగతి ఎత్తగానే మదనపల్లె వకీళ్లకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చాయి. కుప్పంలో ఫర్హానా అనే వకీలమ్మ ఒక్కతే ఒప్పుకుంది. తనకు ఫీజు వద్దంది గానీ, హైకోర్టు ఖర్చులు తప్పవంది. ఊరంతా చందాలేసుకున్నా చాలలేదు.

అక్కమ్మ ఇంట్లో విలువైనది గౌరి ఒక్కటే. అసలు సిసలు పుంగనూరు ఆవు. మనిషి నడుమెత్తు కూడా ఉండదు. ఆ జాతి ఆవు వాకిట్లో ఉండటం ఇప్పుడు పెద్దవాళ్లకు పెద్ద గొప్ప.

కొనడానికి జగదీష్ అనే ఆయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి ఆవుకు దండం పెట్టాడు.

"ఇంత మంచి ఆవుని యాల అమ్ముతాండావమ్మా?"

అక్కమ్మ ఏదీ దాచలేదు. గుట్ట, కంపెనీ, కేసు అన్నీ చెప్పుకుంది. జగదీష్ తలవంచుకుని విన్నాడు. అడిగిన ధరకు బేరమాడలేదు. పైగా కొంత కలిపి ఇచ్చాడు.

"ఇది కోర్టు ఖర్సులకుండనీమ్మా. మంచి పని సేస్తాండారు."

"నీ బిడ్డలు సల్లగుండాలప్పా. దీన్ని యాడికి తోలుకపోతావు?"

"పెద్దింటికే. ఆడ టైల్స్ ఏసిన కొట్టముండాది, ఫ్యానుండాది. నీకేం దిగులొద్దు."

అక్కమ్మ గౌరికి పసుపూ కుంకుమా పెట్టి ఆటో ఎక్కించింది. మెడలో తాడు మాత్రం విప్పి తన దగ్గరే పెట్టుకుంది. ఆవును అమ్మినా తాడు అమ్మరు. తర్వాత చాలా రోజులు ఆమెకు అన్నం సయించలేదు.

కేసు వేసేముందు చైర్మన్‌ను ఒకసారి కలిసి రమ్మంది ఫర్హానా. గుట్టలకు అనుమతులిచ్చే కమిటీకి మునస్వామి చైర్మన్. ఆయనకు మదనపల్లెలో టమోటా మండీ ఉంది. మండీ ఉంది కాబట్టి పార్టీలో పలుకుబడి వచ్చింది. పార్టీ గెలిచింది కాబట్టి కమిటీ వచ్చింది. కానీ లంచం ముట్టడు. ఈ ఒక్క మాట ఆయనంటే గిట్టనివాళ్లూ ఒప్పుకుంటారు. నోట్ల సంచి తెచ్చినవాణ్ణి గేటు దాకా తరిమాడని చెప్పుకుంటారు. అక్కమ్మ ధైర్యమంతా ఆ మాట మీదే.

అర్జీ పట్టుకుని మునస్వామి ఇంటి గేటు దాటింది. దాటగానే "అంబా" అని వినబడింది.

వాకిట్లో టైల్స్ వేసిన కొట్టం. ఫ్యాను కింద గౌరి.

అక్కమ్మ పరిగెత్తింది. గౌరి తన చెయ్యి నాకుతుంటే, పరాయి ఇల్లన్న సంగతి కూడా మరిచి బోరున ఏడ్చింది.

మునస్వామి అరటిపండ్లతో బయటికొచ్చాడు. సంగతి విని అక్కమ్మకు కుర్చీ వేయించాడు. కాఫీ తెప్పించాడు. అర్జీ ఆసాంతం చదివాడు.

"ఈ గుట్టా? దీని మీద నిన్ననే సంతకం పెడితినమ్మా. ఇన్నాళ్లూ ఎటూ తేల్సకుండా పెట్టింటి. నీ గౌరి ఈ ఇంట్లో కాలు పెట్టినాక మనసు కరిగిపాయ."

అక్కమ్మ రెండు చేతులూ జోడించింది. తిన్న గడ్డి రుణం గౌరి తీర్చుకుందనుకుంది.

మునస్వామి పండు ఒలిచి ఆవు నోటికి అందించాడు.

"డబ్బయితే సచ్చినా ముట్టను గానీ, సాక్షాత్తూ గోమాతనే తెచ్చి వాకిట్లో కట్టేసినాక, ఆ క్రషర్ కంపెనీ జగదీష్‌కు గుట్ట ఇయ్యనని ఎట్ల సెప్పేదమ్మా?"