కలంకారి మొదటి షికారు

జిల్లేడు పొదలో ఆ ఉదయం ఒకటే హడావిడి. కలంకారి గూడు చీల్చుకుని బయటికొచ్చింది! వాళ్లమ్మది జిల్లేడు ఆకు తిని పెరిగిన నారింజరంగు సీతాకోకల వంశం. నాన్నది పక్క తీగ మీది నల్లచారల వంశం. పిల్ల రెక్కల మీద మాత్రం రెండూ కలిసి, ఎవరూ ఎన్నడూ చూడని ముగ్గు పడింది. అందుకే ఆ పేరు.

రెండు వంశాలదీ ఒకటే ఆచారం. ఒళ్లంతా చేదే కాబట్టి పిట్టను చూసి పారిపోరు. పెళ్లి ఊరేగింపులా దాని ముందు నుంచే మెల్లగా వెళ్తారు.

"నువ్వు మాత్రం దాక్కోవే తల్లీ," అంది పెద్దమ్మ. "ఆ నల్లపిట్ట పోలిగాడికి మన రంగు తెలుసు, చేదని ముట్టడు. నీ రంగు తెలీదు."

"చేదు నాలోనూ ఉందిగా పెద్దమ్మా! నేనూ మెల్లగానే వెళ్తా!"

ఎగిరింది కలంకారి. ఊరేగింపులా మెల్లగా కొమ్మ ముందు నుంచే సాగింది.

కొమ్మ మీది నల్లపిట్ట పోలిగాడు మెడ తిప్పి చూశాడు. ఇదేదో కొత్త ఫలహారం అనుకుని, రివ్వున వచ్చి రెక్క కొరికాడు. మరుక్షణమే "థూ! థూ!" అని ఉమ్మేసి, ముక్కును కొమ్మకేసి రుద్దుకున్నాడు.

చిరిగిన రెక్కతో గింగిరాలు తిరుగుతూ కలంకారి పొదలో వచ్చి పడింది. పెద్దమ్మ లబోదిబోమంది. "చెప్తే విన్నావా? బంగారంలాంటి రెక్క!"

కలంకారి రొప్పుతూనే నవ్వింది. వెనక గూళ్లలోంచి అదే ముగ్గుతో తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఒక్కొక్కరే బయటికొస్తున్నారు.

"మెల్లగా వెళ్లండర్రా," అంది వాళ్లతో. "పోలిగాడికి మన రంగు తెలిసింది."