ఓదెమ్మ బావి చెప్పిన సాక్ష్యం

బొగ్గు గనుల పక్క ఊళ్లలో ప్రతి బావికీ మాట్లాడే యంత్రం బిగించి పదేళ్లయింది. గని ముందుకు జరగాలంటే ఏటా అధికారుల ఎదుట బావులే తమ నీళ్ల గురించి సాక్ష్యం చెప్పాలి. ఏ గొంతుతో చెప్పాలన్నది ఇంటివాళ్ల ఇష్టం. ఓదెమ్మ చనిపోయిన తన భర్త రాజలింగు గొంతు పెట్టించుకుంది. రోజూ గట్టున కూర్చుని దానితో కబుర్లు చెబుతుంది.

సాక్ష్యం రోజు ఆ బావి నిండుగా తళతళలాడుతుంటే పక్కింటి సమ్మక్క నోరు తెరిచింది.

"ఓదెమ్మక్కా, ఎండిన బాయిల ఇన్ని నీళ్లెక్కడియే?"

"పెద్ద సార్లు వస్తున్రు గద, ఒట్టి బాయి చూపిస్తే ఇజ్జత్ పోదా? నిన్న రెండు ట్యాంకర్లు పోయించిన."

"ఇజ్జత్ కాదు, ఊరే పోతది! నీళ్లకేం ఢోకా లేదని గనిని మన ఇండ్లదాంక తెస్తరు!"

ఓదెమ్మ బావి దగ్గరికి పరుగెత్తింది. అప్పటికే అధికారి బావిలోకి వంగాడు. "బావిగారూ, నీళ్లెలా ఉన్నాయి?"

బావి గొంతు సవరించుకుంది. "ఇవి నా నీళ్లు కావు సారూ. గనిల పంపులు పెట్టినకాడికెల్లి నాకు చుక్క ఊరలే. మా ఓదెమ్మ సంగతి మీకెరుక లేదు. చుట్టాలొస్తే పక్కింట్ల చక్కెర తెచ్చయినా చాయ పెడ్తది."

జనం పగలబడి నవ్వారు. అధికారి నవ్వుతూనే తవ్వకం ఆపమని రాశాడు. ఓదెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బావిలోకి వంగింది.

"పదిమందిల నా ఇజ్జత్ తీస్తివి గదయ్యా!"

"అయినా నీ చాయ మంచిగుంటదే," అంది బావి.