ముంగిస సైగలు

రాళ్లగుట్ట కింద ఓబులమ్మ అనే ఏదుపంది బొరియ తవ్వుతోంది. వానలు పడేలోగా పిల్లల్ని లోపలికి చేర్చాలి. అందుకని ముంగాళ్లు బాగా వంచి, ఊపిరి తిప్పుకోకుండా మట్టి లాగుతోంది.

పక్కనే ఒక ముంగిస కూడా తవ్వుకుంటోంది. కానీ అది మాటిమాటికీ ఆగి, పంజాలు చాచి, గాలిలో విదిలిస్తోంది.

'ఎవరికో సైగ చేస్తోంది. నక్కకే అయ్యుంటుంది. ఇద్దరూ కలిసి నా పిల్లల మీద కన్నేశారు,' అనుకుంది ఓబులమ్మ.

"అక్కా, కాసేపు ఆగు. మణికట్లు అంతలా వంచకు, పట్టేస్తాయి," అంది ముంగిస.

"నేను ఆగితే నీకేం కలిసొస్తుంది?" అంటూ ఓబులమ్మ ముళ్లు నిక్కబొడిచింది. ముంగిసను ఓరకంట చూస్తూ ఇంకా జోరుగా తవ్వింది. వేళ్లు తిమ్మిరెక్కినా ఆగలేదు.

మబ్బులు కమ్మేసరికి దాని కుడి ముంగాలు నేల మీద ఆనడం లేదు. బొరియ సగమే అయింది.

తన పని ముగించుకున్న ముంగిస అటు వచ్చింది. ఓబులమ్మ తన పిల్లలకు అడ్డంగా నిలబడింది. ముంగిస మిగిలిన మట్టి తోడసాగింది. మధ్యమధ్య ఆగి పంజాలు విదిలించింది. ఏ నక్కా రాలేదు.

చినుకులు మొదలయ్యేలోగా పిల్లలు లోపలికి చేరాయి. అప్పుడు ఓబులమ్మ మెల్లగా అడిగింది.

"ఎప్పుడు ఆగాలో నీకెలా తెలుస్తుంది? నొప్పి పుట్టగానేనా?"

"నొప్పి పుట్టాక ఆగితే ఆలస్యమైపోతుంది అక్కా. బాగున్నప్పుడే ఆగుతాను," అంది ముంగిస.